‘తిన్నవా?’ అని అడిగేదెవరు?

మా కొత్తవాడలో నా చిన్నతనంలో ఉత్తరాలు రాసిపెట్టడం నా పనిగా ఉండేది. 1990 ప్రాంతపు మాట. మగ్గం మీద బతుకు గడవక చాలా ఇళ్ళ మగవాళ్ళు బీవండికో, సూరత్‌కో, షోలాపురానికో సాంచెల మీద పనికి పోయేవాళ్ళు. ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళు జంపఖానాలు నేయించే షావుకార్ల దగ్గర నూలు తెచ్చుకుని, కండెలు చుట్టి, ఆ కూలితో ఇల్లు నడిపేవాళ్ళు. మా ఎదురింటామె ఒకరోజు ఇన్‌ల్యాండ్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. బడిలో అప్పుడే లేఖారచన నేర్చుకున్న గర్వంతో ఆమె చెప్పకముందే మొదటి పంక్తి నేనే రాసేశాను: ‘ప్రియమైన భర్తగారికి’ అని. చదివి వినిపించాను. రాట్నం మీద ఆమె చెయ్యి ఆగింది.

“గదేంది పిలగా? గట్ల నేనెన్నడన్న అన్ననా? కొట్టెయ్. యాళ్ళకు తింటున్నడా లేదా అడుగు. రాత్రిపాళి చేస్తే పొద్దుగాల పండుకొమ్మను. పైలం అని రాయి.”

ఉత్తరమంతా దాదాపు అంతే. నూలు ధర, చిన్నపిల్లగాని జరం, కురుస్తున్న ఇంటికప్పు, మధ్యమధ్య మూడుసార్లు తిండి మాట.

కొన్ని రోజులకు జవాబు వచ్చింది. పైసలు అందినయా, అవ్వకు మందులు తెచ్చినవా, కప్పు మీద పెంకలు సదిరించినవా, పెద్దపిల్ల బడికి పోతున్నదా – ఇవీ ఆయన రాసిన సంగతులు. ఆమె రెండుసార్లు చదివించుకున్నది. “ఇంకేమన్న ఉన్నదా?” అని అడిగింది. ఏమీ లేదన్నాను. కవరు మడిచి దేవుని పటం వెనుక చెక్కి మళ్ళీ రాట్నం ముందు కూర్చున్నది. ఆ ప్రశ్నకు అర్థం నాకు చాలా ఏళ్ళకుగాని తెలియలేదు. ఆమె మూడుసార్లు అడిగిన మాటను ఆమెను ఒక్కసారైనా ఎవరూ అడగలేదు.

ఈ సంఘటనలో రెండు సత్యాలున్నాయి. మన సాహిత్య విమర్శ మొదటిదాన్ని చూసి సంతోషపడి రెండోదాన్ని వదిలేస్తూ వచ్చింది. శ్రామిక జనానికి ప్రేమను చెప్పుకునే సొంత నుడికారం ఉంది. అది పుస్తకాల ప్రేమభాష కంటే సత్తువగలది. ఇది మొదటి సత్యం. ఆ నుడికారంలో ఎవరు అడగాలి, ఎవరు అడిగించుకోవాలి అన్నది ముందే నిర్ణయమై ఉంది. ఇది రెండోది. ప్రజల భాషలో రాయాలనుకునే రచయిత ఈ రెండింటినీ కలిపి చూడకపోతే, ప్రజల మాటతోపాటు ప్రజల మీద ఉన్న పెత్తనాన్ని కూడా అందంగా మోసుకొస్తాడు.

మొదట మాటల నిర్మాణాన్ని పరిశీలిద్దాం.

తెలుగులో ఆకలి, చలి, నిద్ర, కోపం మనం ‘చేసే’ పనులు కావు. నాకు ఆకలైతున్నది, నాకు చలిపెడుతున్నది, నాకు కోపమొచ్చింది అంటాం. అనుభవం మనిషి దగ్గరికి వస్తుంది. ప్రేమ కూడా నిత్యవ్యవహారంలో ఈ వరుసలోనే నడుస్తుంది. ‘నువ్వంటే నాకు పానం’, ‘ఆమె మీద ఆయనకు మనసైంది’, ‘బిడ్డ మీద పావురం ఎక్కువ’. అటు ఒక మనిషి, ఇటు ఒక మనిషి, మధ్య ‘మీద’, ‘అంటే’ అనే చిన్నమాటలు. ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అనే వాక్యం ఈ వరుసకు చెందదు. అందులో ‘నేను’ కర్త, ‘నిన్ను’ కర్మ. కొట్టాను, కొన్నాను, గెలిచాను అనే వాక్యాల పోలిక దానిది. ప్రేమ అన్న పదం కొత్తది కాదు. కాని ఒక మనిషి ఇంకో మనిషి ముందు నిలబడి దాన్ని ఒక ప్రకటనగా చదవడం మనకు ఇంగ్లీషు చదువుతో, అచ్చుపుస్తకంతో, ఆపైన సినిమాతో వచ్చిన అలవాటు.

వాక్యం మారితే మనిషి మారిపోతాడని నేననడం లేదు. ‘నాకు ఇష్టం’ అనేవాడు కూడా ఆలిని కొట్టగలడు. పైగా ఆ కొత్త వాక్యం చేసిన మేలును కాదనలేం. పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో ఎవరూ ఎవరికీ ఏమీ ప్రకటించనక్కర లేదు. కులాన్నీ కట్నాన్నీ కాదని ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు ఒకరినొకరు ఎంచుకున్నప్పుడే ఆ మాట పైకి చెప్పాల్సి వస్తుంది. ఆ వాక్యం అరువుది కావచ్చు. అది తెరిచిన తలుపు మనకు అవసరమైన తలుపు. అయితే ప్రేమకు అదొక్కటే భాష అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

నా తరగతిలో జరిగిన చిన్న సంగతి చెబుతాను. ప్రేమకు పర్యాయపదాలు అడిగాను. వలపు, అనురాగం, మమత అని పుస్తకంలో ఉన్నవి వచ్చాయి. వెనుక బెంచీలోంచి ఒక పిల్ల ‘పావురం’ అన్నది. తరగతి గొల్లుమంది. పావురం అంటే పక్షి అని వాళ్ళకు పాఠం నేర్పింది. వాళ్ళ ఇళ్ళల్లో నాయినమ్మలు రోజూ ‘పావురంగ పెంచుకున్న బిడ్డ’ అంటూనే ఉంటారు. ఆ పిల్ల మళ్ళీ ఆ ఏడాది నోరు విప్పితే ఒట్టు. ఇంటి మాటను చూసి సిగ్గుపడడం నేర్చుకున్న పిల్లలు ఆ మాటతో చెప్పే ప్రేమను చూసి కూడా సిగ్గుపడతారు. ఇంట్లో ఉన్నదాన్ని ప్రేమగా గుర్తుపట్టలేక, సినిమాలో కనిపించేదే ప్రేమ అనుకుంటారు. బడి పలుకు ముందు జనం పలుకు తలవంచకూడదని జీవితమంతా పట్టుబట్టిన కాళోజీ ఈ ఓరుగల్లువాడే. ఆయన పుట్టినరోజును 2014 నుంచి తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాం. పావురాన్ని మాత్రం ఇంకా పక్షిగానే ఉంచాం.

మన సాహిత్యం ఈ విషయంలో ఏం చేసింది?

హాలుని పేరుతో వచ్చిన ప్రాకృత గాథాసప్తశతిలో పొలాలు, పశువులు, బాటసారులు, అత్తలు, మరుదులు ఉంటారు. ప్రేమ అక్కడ పనిపాటల నడుమనే సాగుతుంది. అందులో ‘అత్త’, ‘పిల్ల’ వంటి మన ఇంటిమాటలను పండితులు గుర్తించారు. అంటే ఈ నేలమీది తొలి ప్రేమకవితల్లోనే నిత్యవ్యవహారం ఉంది. తర్వాత ప్రబంధకవుల చేతిలో ప్రేమ పనిని విడిచి అంతఃపురం చేరింది. మాట సంస్కృత సమాసాల నగలు వేసుకున్నది.

ఆధునిక యుగంలో ఈ సమస్యను మొట్టమొదట పట్టుకున్నవాడు గురజాడ. 1910లో వచ్చిన ‘దిద్దుబాటు’ కథలో కమలిని వదిలిపోయిన ఉత్తరం చూసి గోపాలరావు ముందుగా గతుక్కుమనేది దేనికి? ఉత్తరం మొదట్లో ఉండాల్సిన ‘ప్రియ’ సంబోధన పోయి, పరాయి మగవాణ్ణి పిలిచినట్టు ‘అయ్యా’ ఉన్నందుకు. భార్య ఇల్లు విడిచిందన్న సంగతి కంటే ముందు పిలుపు మారిన సంగతి అతనికి తగులుతుంది. ప్రేమలోని అధికారమంతా పిలుపులో దాగి ఉందని గురజాడకు తెలుసు. అదే కాలపు ‘కాసులు’ గేయంలో భర్త దేవుడన్న పాత మాటను పక్కకు నెట్టి, భార్యకు స్నేహితుడిగా నిలబడే మగవాణ్ణి ఆయన ఊహించాడు. దంపతుల మధ్య స్నేహం అన్న మాటను అంత తేలిక భాషలో అన్నందుకే అది ఆనాటికి విప్లవం.

1925లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’, రెండోది నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’. పైకి చూస్తే వీటి భాష ఒకదానికొకటి ఆమడ దూరం. మొదటిదానిలో ప్రేయసి ఊహాసుందరి. ఆమెకు ఆకలి లేదు, ఇల్లు లేదు, అడ్రసు లేదు. విరహమే అక్కడ వ్యవహారం. రెండోదానిలో పల్లెటూరి జంట, పల్లెటూరి యాస. చదువుకున్నవాళ్ళ సభల్లో ఆ యాసను పాడించి ఒప్పించడం నండూరివారి ఘనత. అయితే మన విమర్శకులు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఎంకి మాట జనం మాటే. ఎంకి రోజు జనం రోజేనా? ఆ పాటల్లో వెన్నెల, ఏరు, తోట ఉన్నంతగా నాట్లు, కోతలు, కూలి గింజలు, అప్పు లేవు. యాస పల్లెది, తీరిక పట్నానిది. మాండలికంలో రాసినంత మాత్రాన నిత్యజీవితం సాహిత్యంలోకి రాదని ఎంకి పాటలు మనకు నేర్పే పాఠం.

1927లో చలం ‘మైదానం’ వచ్చింది. రాజేశ్వరి ప్లీడరు భర్తనూ ఇంటినీ వదిలి అమీరుతో పోయినప్పుడు భార్యాభర్తల మర్యాదభాష మొత్తాన్ని వదిలిపోయింది. చలం వాక్యానికి ఆ వేడి మాట్లాడే భాష నుంచే వచ్చింది. కాని ఆ మైదానంలో కూడా వంట ఎవరు చేయాలన్న ప్రశ్నకు మాట దొరకలేదు.

గిడుగు వారి ఉద్యమం ఫలితంగా వ్యవహారిక భాష గెలిచిందని చెప్పుకుంటాం. నిజమే. కాని అచ్చులోకి వచ్చిన వ్యవహారికం ప్రధానంగా కోస్తా జిల్లాల చదువుకున్న కుటుంబాల వ్యవహారికం. దానితోపాటు ఆ కుటుంబాల ప్రేమమర్యాద కూడా దిగింది. ‘ఏమండీ’ అన్న భార్య పిలుపు, దానికి జవాబుగా ‘ఏమోయ్’, ‘ఏమే’ అన్న భర్త పలుకు తెలుగు దాంపత్యానికి ముద్ర అయిపోయాయి. 1960లలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ లక్షణంగా చదువుకుని ఉద్యోగం చేసే జయంతిని మధ్యతరగతి ఆడపిల్లల ముందు నిలబెట్టింది. ఉద్యోగం చేసే ఆడపిల్ల ఆత్మాభిమానం అందులో ఉంది. అయినా ప్రేమ వచ్చి నిలిచేది రాజశేఖరం కారు దగ్గరే. ఆ నవలలు చదివిన నా విద్యార్థినుల తల్లులు ఎందరో. తమ ఇంట్లో దొరకని మెత్తటి మాట కోసం వాళ్ళు చదివారు. దాన్ని వెక్కిరించే ముందు ఆ మాట ఇంట్లో ఎందుకు లేదో మనం అడగాలి.

సినిమా చేసిన పని ఇంకా పెద్దది. 1978లో బాలచందర్ తీసిన ‘మరోచరిత్ర’నే తీసుకుందాం. విశాఖపట్నంలో పక్కపక్క ఇళ్ళు. అబ్బాయికి తెలుగు రాదు, అమ్మాయికి తమిళం రాదు. ఇద్దరి మధ్య ఉన్న గోడ భాష. వాళ్ళు పాట పాడుకోవాల్సి వచ్చినప్పుడు సినిమా పేర్లను ఏరుకుని గుచ్చుకుంటారు. చమత్కారం బాగుంది. కాని ఆలోచించండి. మాట రాని జంటకే కాదు, మాట వచ్చిన మన యువతకు కూడా ప్రేమ చెప్పుకోవడానికి ఇవాళ సినిమా నుంచి తెచ్చుకున్న మాటలే మిగిలాయి. ఆ పాట ఒక తరం మొత్తం పరిస్థితి.

ఇక పిలుపుల సంగతి. మా వాడలో నా చిన్నప్పుడు కండెలు చుట్టే ఆడవాళ్ళు మొగణ్ణి ‘నువ్వు’ అనేవాళ్ళు. “ఇగో, నీకే చెప్పేది” అనేవాళ్ళు. పేరు పెట్టి పిలవకపోయినా, ‘ఫలానా పిల్ల నాయినా’ అన్నా, నువ్వు మాత్రం నువ్వే. దేవుణ్ణి, తల్లిని, నేస్తాన్ని పిలిచే నువ్వు అది. కొడుకు చదువుకుని గుమాస్తానో, పంతులో అయిన ఇంట్లో ఏం జరిగిందో నా కళ్ళతో చూశాను. కొత్త కోడలు ‘మీరు’ అనడం మొదలుపెట్టింది. కొడుకు ఆమెను ‘నువ్వు’ అనే అంటాడు. అత్త మురిసిపోతుంది, కోడలికి మర్యాద తెలుసునని. చదువు ఇంటికి తెచ్చిన మొదటి కానుక ఒక మెట్టు ఎక్కువ తక్కువ. మొగణ్ణి నిలదీసి తిట్టడానికి ‘నువ్వు’ పనికొచ్చినట్టు ‘మీరు’ పనికిరాదు. కొట్లాడే హక్కు లేని చోట చనువు కూడా సగమే. అభివృద్ధి అని మనం పిలిచేదానిలో ఈ నష్టాన్ని ఎవరూ లెక్క రాయలేదు.

ఇప్పుడు మళ్ళీ ‘తిన్నవా’ దగ్గరికి వద్దాం. ఈ ఒక్క మాటలో తెలుగువాళ్ళ ప్రేమంతా ఉందని ఈ మధ్య సభల్లో తరచు వింటున్నాం. చప్పట్లు కూడా బాగానే పడతాయి. కాని ‘తిన్నవా’ అని అడిగే నోటి వెనుక వండిన చేయి ఒకటుంది. తల్లి, ఆలి, అక్క, బిడ్డ అడుగుతారు. కొడుకు, మొగడు, తమ్ముడు, తండ్రి జవాబు చెబుతారు. అందరూ తిన్నాక అడుగున మిగిలినదాన్ని గిన్నెతో తినే ఆమెను అడగడం మన వ్యవహారంలో లేదు. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ కవితలు ఈ నిశ్శబ్దాన్నే బద్దలుకొట్టాయి. విమల ‘వంటిల్లు’ కవిత తర్వాత వంట గదిని ప్రేమమందిరమని రాయడం అంత సులభం కాలేదు. మన ఓరుగల్లు ప్రాంతం నుంచి వచ్చిన జూపాక సుభద్ర ‘కొంగు’ కవిత ఇంకో అడుగు ముందుకు వేసింది. కొంగును సిగ్గుకు గుర్తుగా చూసే చోట, అది చెమట తుడిచే గుడ్డ, బరువు మోసే సాధనం, పనిలో తోడు అని దళిత స్త్రీ అనుభవం నుంచి చెప్పింది. ఒకే బట్టముక్కకు కులాన్ని బట్టి, పనిని బట్టి అర్థం వేరని చూపింది. ప్రేమ మాటలకు కూడా ఇదే కొలబద్ద పెట్టాలి.

పెట్టకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. కాలేజీ పిల్లల నోట ‘లైనెయ్యడం’, ‘పడెయ్యడం’, ‘పడింది’ అన్న మాటలు వింటాం. అమ్మాయి అక్కడ మనిషి కాదు, గురి. 2008 డిసెంబరులో మన వరంగల్లులోనే ఇంజనీరింగ్ చదివే ఇద్దరు అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒకామె చనిపోయింది. నిందితులు ముగ్గురినీ పోలీసులు కాల్చి చంపారు, చాలామంది పండుగ చేసుకున్నారు. చట్టం చేయాల్సిన పనిని తుపాకీ చేసింది. సమాజం చేసుకోవాల్సిన ఆత్మవిమర్శను చప్పట్లు మింగేశాయి. పత్రికలు ఇటువంటి హంతకులకు పెట్టే పేరు చూడండి: ‘ప్రేమోన్మాది’. హింసకు ప్రేమ ఇంటిపేరయింది. ప్రేమ ఎక్కువై పిచ్చి పట్టిందని ఆ సమాసం మనకు నచ్చజెబుతుంది. అలాగే 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులం తక్కువవాణ్ణి పెళ్ళాడిందని అమ్మాయి కళ్ళముందే భర్తను నరికించినప్పుడు, దాన్ని ‘పరువు హత్య’ అన్నాం. కూతురి మీద పావురం అని చెప్పుకున్నది కూతురి మీద హక్కుగా తేలింది. చంపినవాడి మాటతోనే చావును వర్ణించే భాష ఎవరి పక్షం?

భాష మారదు, అది సహజంగా వస్తుంది అనేవాళ్ళున్నారు. ఈ నేలమీద ఆ మాట చెల్లదు. ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అన్నది ఒకప్పుడు తెలంగాణ పల్లెలో నిత్యవ్యవహారమే. మన పాలకుర్తి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖుకు ఎదురునిలిచి తన పంట తనదే అన్నప్పుడు, 1946 నుంచి 1951 దాకా సాయుధపోరాటం నడిచినప్పుడు, ఆ మాట వెన్ను విరిగింది. మాట తనంతట తాను మారలేదు. వంగిన నడుములు లేచినందుకు మారింది. అయితే 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివితే ఆ కథలో రెండో సగం తెలుస్తుంది. తుపాకి మోసిన, కబురు మోసిన స్త్రీలను పోరాటం ముగిశాక ఇంటికీ వంటకూ పొమ్మన్నారన్న బాధ ఆ గొంతుల్లో వినిపిస్తుంది. గడీ ముందు పోయిన బాంచెన్ గడపలోపల పూర్తిగా పోలేదు.

కాబట్టి రచయితల ముందు, ముఖ్యంగా కొత్తగా రాస్తున్న విద్యార్థి మిత్రుల ముందు ఉన్న పని రెండు వైపులది. పావురం, పానం, పైలం వంటి మాటలను పాఠంలోకీ పద్యంలోకీ సిగ్గులేకుండా తేవాలి. తెచ్చేటప్పుడు అవి ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి పోతున్నాయో చూడాలి. ప్రేమకథ రాసేవాడు తన పాత్రలు ఎంత తియ్యగా మాట్లాడుకున్నాయన్నది కాక, ఎవరు ఎవరిని ‘నువ్వు’ అన్నారు, ఎవరు ఎవరికి కంచం పెట్టారు, ఆ కంచం ఎవరు కడిగారు అని ఒకసారి లెక్క చూసుకోవాలి. ఆ లెక్క తప్పిన కథ ఎంత మంచి మాండలికంలో ఉన్నా అబద్ధమే.

మా ఎదురింటామె మరి కొన్నేళ్ళు నాచేత ఉత్తరాలు రాయించింది. నేను ఇంటర్లో చేరాక బీవండి నుంచి వచ్చిన ఒక కార్డులో, ఇంటి సంగతులన్నీ అయిపోయాక, అంచున కాస్త చోటు మిగిలితే ఆయన ఇరికించి రాశాడు: ‘నువ్వు తింటున్నవా’. చదివాను. ఆమె మళ్ళీ చదవమనలేదు. నాకు అక్షరాలు రావు గదా, ఆ మాట ఏడ ఉన్నదో చూపెట్టు అన్నది. వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ చోట తన వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.